నందివర్ధనం మీది పురుగు

చినతాళ్లపాలెం,
రామచంద్రపురం దగ్గర,
సెప్టెంబరు 14

ప్రియమైన వదిన గారికి,

మీ మరదలు ఆశాజ్యోతి వందనాలు. ఈ ఉత్తరంతో వచ్చిన పూతరేకుల డబ్బా చూసి ఆశపడి చెయ్యి పెట్టేరు సుమా. అందులో పూతరేకులు లేవు, పురుగుంది. మూతకి చిల్లులు పొడిచింది అందుకే. బస్టాండులో పార్సిలు తీసుకునే అబ్బాయి "ఏంటండీ ఇందులో, స్వీటా?" అంటే అవునన్నాను. దేవుడు క్షమించాలి.

ఎంత రోతగా ఉందో చూశారా? నా బొటనవేలంత లావు. పచ్చగా, నున్నగా, నీళ్లలో నాని ఉబ్బిన వేలులా ఉంది. మెడ దగ్గర రెండు నీలం కళ్లు. తీరా చూస్తే అవి కళ్లు కావు, అసలు తల ఇంకా ముందుంది. తోక మీద ఒక కొమ్ము. తింటున్నంతసేపూ వెనక నుంచి మిరియాల్లాంటి పెంట రాలుతూనే ఉంది. దాన్ని పట్టకారుతో పట్టి డబ్బాలో పడేశాక ఆ పట్టకారుని సబ్బుతో తోమాను, బూడిదతో తోమాను, చివరికి తృప్తి లేక పెంటకుప్పలో పారేశాను. ఆ పూట అన్నం సయించలేదు. ఇలాంటివాటిని మీరు హార్లిక్సు సీసాల్లో పెట్టి కన్నబిడ్డల్లా మేపుతారని తలుచుకుంటే, ఇన్నేళ్లూ మీ ఇంట్లో కాఫీ ఎలా తాగానా అనిపిస్తోంది.

ఫోను చెయ్యొచ్చు కదా అంటారు. మీకు చెవిలో మిషను పెట్టుకున్నా సరిగ్గా వినపడదు. నేను అరిస్తే మీకు తప్ప మా వీధందరికీ వినపడుతుంది. ఫోటో చూసి పురుగు పేరు చెప్పననే పట్టుదల మీకుండనే ఉంది. అందుకే ఈ తంటా.

సంగతి ఏంటంటే, పోయిన నెలాఖరున మా స్త్రీల సమాజం వార్షికోత్సవం జరిగింది. చర్చి ముందు కొబ్బరాకు పందిరి వేశారు. మీ తమ్ముడు గారే దగ్గరుండి పచ్చి మట్టలు కొట్టించి తెచ్చారు. పాటలు పాడేవాళ్లం పందిరి కింద కూర్చున్నాం. సాయంత్రానికి నా చుట్టూ కూర్చున్న ఆడవాళ్లందరికీ మెడల మీద, చేతుల మీద ఎర్రటి దద్దుర్లు, ఒకటే మంట. పాస్టరు గారి భార్య సత్యకుమారి గారికైతే మెడంతా అట్టు కట్టినట్టు వాచింది. నాకు మాత్రం ఏమీ రాలేదు.

అదే నా ప్రారబ్ధం. నా మోచేతుల మీది పొలుసుల సంగతి మీకు తెలుసు. పొడుగు చేతుల జాకెట్లు వేసుకుని, కొంగు నిండా కప్పుకుని పదేళ్లుగా నెట్టుకొస్తున్నాను. ఆ రోజు ఉక్క భరించలేక ఒక్కసారి చేతులు పైకి మడిచాను. ఎవరి కంటో పడింది. "అంటించిన మనిషికి మళ్లీ అంటుకోదు కదండీ" అని ఎవరో అన్నారట. ప్రభు సంస్కారం ఇచ్చే ఆదివారానికి ముందు రోజు సంఘ పెద్దల నుంచి మాట వచ్చింది: తగ్గేదాకా నేను పాత్ర దగ్గరికి రాకుండా ఉంటే అందరికీ బాగుంటుందట.

మా చర్చిలో సంస్కారపు ద్రాక్షరసం ఇప్పటికీ అందరికీ ఒకటే పాత్రలో ఇస్తారని మీకు తెలుసుగా. బల్ల ముందు మోకాళ్లూని, ఒకరు తాగిన పాత్రలోనే మరొకరం తాగుతాం. చిన్నప్పుడు మొదటిసారి తాగిన దగ్గర నుంచి నేను ఆ పాత్ర వదిలిన నెల లేదు. మా అమ్మ చనిపోయిన వారం కూడా ఏడుస్తూనే వెళ్లి తాగి వచ్చాను. ఈ నెల మాత్రం వెనక బెంచీలో కూర్చుని, అందరూ లేచి వెళ్లడం చూశాను.

ఈ పురుగు పందిరి పక్కనున్న నందివర్ధనం చెట్టు మీద దొరికింది. ఇంత అసహ్యమైనది ఆ ఆవరణలో ఇంకోటి లేదు. కుట్టిందంటే ఇదే కుట్టి ఉండాలి. దీని పేరేంటో, ఎలా కుడుతుందో వివరంగా రాసి పంపండి. మీరు జువాలజీ లెక్చరరుగా రిటైరైన మనిషి, మీ మాట కాదనే ధైర్యం ఇక్కడెవరికీ లేదు. జనవరిలో వచ్చే కోత పండుగ నాటికైనా నేను బల్ల దగ్గరికి వెళ్లాలి వదిన గారూ.

ఇట్లు,
ఆశాజ్యోతి


రాజమండ్రి,
సెప్టెంబరు 19

జ్యోతీ,

ముందు నీ క్షేమం అడగడం మర్యాద. కానీ డబ్బా మూత తీశాక నాకు మర్యాదలు గుర్తుకు రాలేదు. ఎంత అందగత్తెని పంపావే! దీన్ని పట్టుకుని నాని ఉబ్బిన వేలంటావా? నీ కళ్లు కాకులు పొడవ!

ఇది హాక్‌మాత్ అనే పెద్ద రెక్కల పురుగు తాలూకు పిల్ల. మనవాళ్లు వరిలో పురుగుకి, వంగలో పురుగుకి పేర్లు పెట్టారు గానీ పంటకి అడ్డం రాని దీనికి పేరు పెట్టిన పుణ్యాత్ముడు లేడు. గన్నేరు ఆకు, నందివర్ధనం ఆకు దీని తిండి. ఆ నీలం కళ్లు పిట్టల్ని బెదిరించడానికి. ఆ కొమ్ము ఉత్తి మెత్తటి తోలు. నా ముంజేతి మీద పాకించాను, బుగ్గ మీద కూడా పాకించాను. చక్కిలిగింత తప్ప ఏమీ లేదు. ఇది మట్టిలో దూరి గూడు కట్టుకుని, రెక్కలతో బయటికి వచ్చిన రోజున నువ్వు చూడాలి. ఆకుపచ్చ, గులాబీ కలనేత పట్టుచీర కట్టుకున్న పెళ్లికూతురులా ఉంటుంది. అప్పుడు కూడా నువ్వు ఛీ అంటావనుకో.

కాబట్టి నువ్వు అడిగినట్టు నేను రాయలేను. కుట్టని పురుగుని కుట్టిందని రాస్తే నా చదువు మీద నేనే ఉమ్మేసుకున్నట్టు. విడిగా ఒక కాగితం పెడుతున్నాను, నా పేరు, డిగ్రీలు వేసి. ఈ పురుగు వల్ల మనిషికి ఏ హానీ లేదని అందులో రాశాను. దాన్ని మీ పాస్టరు సుకుమార్ గారికి చూపించు, లేకపోతే ఎవరో ఒకరు ఆ నందివర్ధనాన్ని మొదలంటా కొట్టేస్తారు.

ఇక నీ పొలుసులు. దాన్ని సోరియాసిస్ అంటారు, అది అంటుకునే జబ్బు కాదు. ఒకే పాత్రలో తాగినా, ఒకే దువ్వెన వాడినా, ఒకే మంచం మీద పడుకున్నా రాదు. ఆ ముక్క కాకినాడ డాక్టరు మా తమ్ముడు ఐజాక్‌కి నా ఎదురుగానే చెప్పాడు. అప్పుడు వాడు బుద్ధిగా తలాడించాడు కూడా. వాడు ఆ పెద్దల కమిటీలోనే ఉన్నాడు కదా? పెద్దలు నీకు ఆ మాట పంపినప్పుడు వాడేం చేస్తున్నాడు? నీ ఉత్తరంలో పురుగు పెంట గురించి ఇంత వర్ణన ఉంది, మొగుడి గురించి మట్టలు తెచ్చాడన్న ఒక్క ముక్కే ఉంది. నాకు చెవులు పోయాయి గానీ కళ్లు పోలేదు.

నీ వదిన,
ప్రిస్కిల్లా


చినతాళ్లపాలెం,
అక్టోబరు 10

వదిన గారికి,

మీ కాగితం అందింది. కమిటీలో చదివారు కూడా. ఎవరో తీసుకెళ్లి పెట్టారు.

"చూశారా, వాళ్ల ఆడపడుచు గారే రాశారు, పురుగు కాదని. పురుగు కాకపోతే మరి ఏంటండీ?" అని ఒకరు అడిగారట. ఆ ప్రశ్నకి జవాబు చెప్పే అవసరం ఎవరికీ కలగలేదు, అందరికీ తెలిసిపోయింది. మీ చదువు నెగ్గింది. నందివర్ధనం చెట్టు బతికింది. నేను మునిగాను. చక్కిలిగింత పెట్టే పురుగు కోసం డిగ్రీలన్నీ వేసి సంతకం పెట్టారే, మరదలి కోసం ఆ కాగితంలోనే ఇంకో ముక్క రాయడానికి చోటు లేకపోయిందా?

ఇక్కడ ఎవరూ నన్ను ఒక్క మాట అనరు. తిట్టినా బాగుండును. నెలనెలా ప్రార్థన కూడికకి పులిహోర నేనే కలిపేదాన్ని. ఈసారి సత్యకుమారి గారు గుమ్మంలోనే నిలబడి "మీకెందుకండీ ఇంకా ఈ శ్రమ, మేం చూసుకుంటాంలెండి" అన్నారు. లోపలికి రమ్మంటే "వేరే పనుందండీ" అన్నారు. ఆవిడ కుడిచెయ్యి కొంగు కింద దాచుకుని మాట్లాడారు, ఎక్కడ నేను పట్టుకుంటానో అని. చర్చిలో వెనక బెంచీ మీద నా పక్కన ఎవరో ఒకరు బైబిలు పెట్టి ఉంచుతారు, మనిషి వస్తున్నట్టు. ఆరాధన అయిపోయేదాకా ఆ మనిషి రాదు. పోయిన ఆదివారం గొడుగు మర్చిపోయి వెనక్కి వెళ్లాను. నేను కూర్చున్న చోటుని ఫినాయిలు గుడ్డతో తుడుస్తున్నారు. నన్ను చూసి, "దుమ్మండీ" అన్నారు నవ్వుతూ. పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదే. ఈ అండీలూ గారూలూ వింటుంటే నాకు డోకు వస్తోంది వదిన గారూ.

ఇంకా రోత ఏంటంటే, స్నానం చేసేటప్పుడు నా చేతులు నేనే చూసుకోలేకపోతున్నాను. మీ పురుగు మీద పడ్డ కంపరం ఇప్పుడు నా మీద నాకు పడింది. ఆ పొలుసులు ఊడి నేల మీద పడితే గబుక్కున చీపురు తెచ్చి ఊడ్చేస్తున్నాను, ఎవరైనా చూస్తారేమో అని. పగలంతా ఇంట్లో ఎవరున్నారు చూడటానికి!

ఊళ్లో సంగతులు అడుగుతారు గనక రాస్తున్నాను. పక్క తోట బుల్లిరాజు గారు కనపడిన వాళ్లందరి దగ్గరా కూలీల మీద గోల పెడుతున్నారు. కొబ్బరి దింపు తీసేవాళ్లు ఆయన చెట్లు ఎక్కనంటున్నారట, దిగాక ఒళ్లంతా మంటలు అంటున్నారట. "అవన్నీ వేషాలండీ, పని చెయ్యడానికి ఒళ్లొంగక" అంటారాయన. ఆయన తోటకి తెగులు కూడా పట్టింది, మట్టలు నిప్పు పెట్టినట్టు ఎండిపోతున్నాయి. మొన్న ఒక మట్ట మా గోడ మీద పడితే చూశాను. ఆకు అడుగున పచ్చటి బిళ్లలు అతుక్కుని ఉన్నాయి, చప్పరించే పిప్పరమెంటు బిళ్లల్లా. పురుగులు కూడా కావు, కాళ్లూ తలా ఏమీ లేవు. చూడముచ్చటగానే ఉన్నాయి. పూర్వం చెట్లకి కూడా దిష్టి తీసేవారట.

మీరు జవాబు రాయకపోయినా పరవాలేదు.

ఆశాజ్యోతి


రాజమండ్రి,
అక్టోబరు 14

జ్యోతీ,

ఆ పచ్చ బిళ్లల్ని ముట్టుకోకు. అవి పురుగులే.

నన్ను తిట్టావు, తిట్టాల్సిందే. నువ్వు పందిరన్నావు, పచ్చి మట్టలన్నావు, మెడల మీద దద్దుర్లన్నావు. అవన్నీ చదివి కూడా నేను దాటేశాను, నీ డబ్బాలోని అందగత్తెని చూసిన మురిపెంలో. ఒక పురుగు కుట్టదని తేల్చాక, మరేది కుట్టిందని అడగడం నా పని. అడగలేదు. నా క్లాసులో పిల్ల ఎవరైనా ఇలా చేసి ఉంటే సున్నా వేసేదాన్ని.

ఇప్పుడు నేను చెప్పినట్టు చెయ్యి. రెండు చేతులకీ పాలిథిన్ సంచులు తొడుక్కో. ఆ బిళ్లలున్న ఆకు ముక్కని కత్తెరతో కత్తిరించి గాజు సీసాలో వెయ్యి. సీసా మూతికి పల్చటి గుడ్డ కట్టు. పందిరి కోసం కొట్టించిన మట్టలు ఏ తోటలోవో కూడా కనుక్కుని రాయి. బుల్లిరాజు గారి తోటవే అయితే మన పని సగం అయినట్టే. దింపు తీసేవాళ్లవి వేషాలు కావని కూడా ఆయనకి చెప్పు. వాళ్ల ఒళ్లు ఎంత మండి ఉంటుందో నేను ఊహించగలను.

రెండో సంగతి. నా కాగితం "ఎవరో" తీసుకెళ్లి కమిటీలో పెట్టారని రాశావు. మీ ఇంటికి నా పేరుతో వచ్చిన ఉత్తరం విప్పే చేతులు రెండు జతలే ఉన్నాయి. అందులో ఒక జత నీది. రెండో జతని నేను చిన్నప్పుడు స్నానాలు చేయించి పెంచాను. ఆ "ఎవరో"కి పేరు పెట్టి రాయి. పురుగులకే కాదు, మనుషులకి కూడా పేర్లుంటాయి.

నీ వదిన,
ప్రిస్కిల్లా


చినతాళ్లపాలెం,
అక్టోబరు 23

ప్రియమైన వదిన గారికి,

సీసా పంపుతున్నాను. చచ్చేంత పనైంది. ఒక్కొక్క ఆకు కింద ఎన్ని ఉన్నాయనుకున్నారు! దగ్గరగా చూస్తే బిళ్లలు కావు, పచ్చటి కఫం ముద్దలు. పాకవు, జారతాయి, నత్తల్లాగ. పక్కలంట చిన్నచిన్న ముళ్ల గుత్తులు. కత్తెర పెట్టి ఆకు తుంచుతుంటే ఒకటి జారి, సంచీకీ జాకెట్టుకీ మధ్య మణికట్టు మీద పడింది. నిప్పురవ్వ పడ్డట్టు అనిపించి కెవ్వుమన్నాను. నిమిషంలో ఎర్రగా పొంగింది. వాచింది. సత్యకుమారి గారి మెడ మీద ఎలా వాచిందో అచ్చం అలాగే!

నేను ఎగిరి గంతేశానంటే నమ్మండి. ఒళ్లు మండుతుంటే సంతోషపడిన దాన్ని నేనే అయి ఉంటాను. ఆ చెయ్యి పట్టుకుని నేరుగా పాస్టరు గారింటికి పరుగెడదామనుకున్నాను. కానీ ఎవరు నమ్ముతారు? నా ఒంటి మీద ఏ మచ్చ వచ్చినా అది నా జబ్బే అంటారు. అందుకని కొంగు కప్పుకుని ఇంట్లోనే కూర్చున్నాను.

పందిరి మట్టలు బుల్లిరాజు గారి తోటవే. ఆయన ఎండుతున్న చెట్లు నరికించేస్తుంటే "ఊరికే పోతున్నాయి కదా, మట్టలు చర్చికి ఇవ్వండి" అని అడిగి తెచ్చింది ఎవరో కాదు.

ఇక ఆ "ఎవరో" అన్నది. అడ్డుపెట్టుకుని రాసింది నేనే, ఆడపడుచు ముందు మొగుణ్ణి చులకన చెయ్యకూడదని. మీ కాగితం కమిటీలో పెట్టింది ఆయనే. అంతటితో ఆగలేదు. నన్ను పాత్ర దగ్గరికి రావద్దన్న మాట పెద్దల నుంచి వచ్చిందని రాశాను కదా. ఆ మాట కమిటీలో మొదట అన్నది కూడా ఆయనే. వేరే ఎవరో అంటే తల కొట్టేసినట్టు ఉంటుందని, తనే ముందు అనేశారట. నాతో అన్న తీరు వినండి. చొక్కాకి బొత్తాం కుడుతున్నాను. "కొన్నాళ్లు వెనక బెంచీలో కూర్చో జ్యోతీ. మనమే తగ్గి ఉంటే గౌరవం కదా" అన్నారు. మనమే అట! తగ్గిన మనిషిని నేనొక్కదాన్నే. ఆయన ముందు వరసలోనే కూర్చుని పాత్ర పుచ్చుకుంటున్నారు.

ఆయన్ని నేను ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు. అన్నం పెడుతున్నాను, బట్టలు ఉతుకుతున్నాను. కానీ ఆయన చర్చికి బయల్దేరుతూ అద్దం ముందు తల దువ్వుకుంటుంటే నాకు ఆ నందివర్ధనం పురుగుని చూసిన రోజే నయమనిపిస్తోంది.

ఆడపడుచు అర్ధమొగుడు అంటారు. నిండు మొగుడి కన్నా నాకు అర్ధమొగుడే నయమైంది. పేరు చెప్పండి వదిన గారూ, తొందరగా.

మీ మరదలు,
ఆశాజ్యోతి


రాజమండ్రి,
నవంబరు 3

జ్యోతీ,

దొరికింది. మీ పక్క రైతులు దీన్ని ఆకుతేలు అంటారు. బుల్లిరాజు గారిని అడిగితే ఆయనకీ తెలిసే ఉంటుంది, ఆ తెగులు ఇదేనని ఒప్పుకుంటే తోట బేరం పడిపోతుందని నోరు మూసుకున్నారేమో. కొబ్బరాకు అడుగున చేరి పచ్చదనమంతా గీరి తినేస్తుంది. ఆ పక్క ముళ్లలో విషముంటుంది, తగిలితే గుచ్చుకుని విరిగిపోతాయి. పచ్చి మట్టలు పందిరి వేస్తే, ఆకు వాడేకొద్దీ ఇవి ఒక్కొక్కటీ కింద పడ్డాయి. కింద ఉన్నవి పాటలు పాడుతున్న మెడలు. నువ్వు ఒళ్లంతా కప్పుకుని కూర్చున్నావు గనక నీకు తగల్లేదు. ఇంతకు మించి మర్మం ఏమీ లేదు. దీని రెక్కల పురుగు గోధుమరంగులో, గోరంత ఉంటుంది. దీపం దగ్గర వాలితే చీపురుతో ఊడ్చేస్తావు తప్ప రెండోసారి చూడవు.

ఊహ మీద రాయకూడదని ఈసారి ఒకదాన్ని నా ముంజేతి మీద పెట్టుకున్నాను. అరగంట పళ్లు బిగబట్టుకుని కూర్చున్నాను. ఆ దద్దుర్లకి రోజురోజూ ఫోటోలు తీయించాను. అవీ, సీసాలోని పురుగులూ, నేను రాసిన వివరమూ నేరుగా సుకుమార్ గారి పేర రిజిస్టరు పోస్టులో పంపాను. ఎవరి చేతిలోనూ పెట్టలేదు. సోరియాసిస్ అంటుకోదని కాకినాడ డాక్టరు చేత రాయించి అదీ జత చేశాను.

ఇంట్లో పురుగులు పెంచుతున్నానని నన్ను చూసి ముక్కు మూసుకోని చుట్టం లేడు. కుళ్లిన ఆకులు ఎత్తాను, పేడ ఎత్తాను. ఒకసారి ఒక గొంగళి ఒంట్లోంచి బియ్యపు గింజల్లాంటి ఈగ పిల్లలు తొలుచుకుని బయటికి వస్తుంటే భోజనం చేస్తూ చూశాను. నాకెప్పుడూ కంపరం పుట్టలేదు. నీ ఉత్తరంలో "తనే ముందు అనేశారట" అన్న చోట పుట్టింది. లేచి వెళ్లి నోరు కడుక్కున్నాను. పురుగు దాని బతుకు కోసం ముల్లు పెంచుకుంటుంది. నా తమ్ముడు దేనికి పెంచుకున్నాడో నాకు అర్థం కావడం లేదు.

వాడికి విడిగా రాశాను. నీకు చూపిస్తే చూడు, చూపించకపోతే అడక్కు. ఇక్కడ ముందు గది ఖాళీగా ఉంది. సీసాలన్నీ వెనక వసారాలోకి మార్చేశాను. నీకు ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడు రా. ఎన్నాళ్లని ఎవరూ అడగరు.

నీ వదిన,
ప్రిస్కిల్లా


చినతాళ్లపాలెం,
జనవరి 18

ప్రియమైన వదిన గారికి,

ఇన్నాళ్లూ రాయనందుకు కోపగించుకోకండి. మీ రిజిస్టరు ఉత్తరం పాస్టరు గారికి నవంబరులోనే అందింది. చదివిన సాయంత్రమే ఆయన మా ఇంటికి వచ్చారు, గుమ్మంలో ఆగకుండా లోపలికి వచ్చి కాఫీ తాగారు. మంచి మనిషి. కానీ కమిటీ ఉంది కదా. "పదిమందిలో పడ్డ మాట పదిమందిలోనే తియ్యాలి, కోత పండక్కి ఊరంతా వస్తుంది, అప్పుడు ఘనంగా చెబుదాం" అన్నారట. ఆ ఘనత కోసం నన్ను డిసెంబరులో కూడా వెనక బెంచీలోనే కూర్చోబెట్టారు. క్రిస్మసు పాటలు అక్కడి నుంచే పాడాను.

కోత పండుగ మొన్న ఆదివారం అయింది. బల్ల చుట్టూ వరి కంకులు కట్టారు, అరటి గెలలు, గుమ్మడికాయలు తెచ్చి పెట్టారు, వేలం పాటకి తెచ్చిన కోళ్లు వసారాలో అరుస్తూనే ఉన్నాయి. ప్రసంగం అయ్యాక పాస్టరు గారు మీ ఉత్తరం చదివారు. ఆకుతేలు సంగతి, మీ చేతి దద్దుర్ల సంగతి, డాక్టరు గారి మాట, అన్నీ. "మన సహోదరికి మనం అన్యాయం చేశాం" అని గట్టిగా అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఎందుకో నాకు తెలియలేదు. సత్యకుమారి గారు వచ్చి నన్ను కౌగిలించుకున్నారు. అరచేతులు వీపుకి ఆనకుండా మనిషిని ఎలా కౌగిలించుకోవాలో ఆవిడ దగ్గర నేర్చుకోవాలి.

సరే, మనుషుల కంపరం ఒక్క ఉత్తరంతో పోతుందా అని సరిపెట్టుకున్నాను. నాకు కావలసింది పాత్ర. పండుగ నాడు మేం కుటుంబాల వారీగా బల్ల దగ్గరికి వెళతాం. మా ఇద్దరినీ మొట్టమొదట పిలిచారు. మోకాళ్లూనాం. పాస్టరు గారు "ఇవాళ ముందు మీకమ్మా" అని పాత్ర నా చేతికే ఇచ్చారు. తాగాను. ఏడుపు ఆగలేదు. ఆ క్షణంలో నాకు ఎవరి మీదా కోపం లేదు వదిన గారూ, నిజంగా. ఆయన మీద కూడా లేదు.

పాస్టరు గారు తెల్ల గుడ్డతో పాత్ర అంచు తుడిచి మీ తమ్ముడి చేతిలో పెట్టారు. ఆయన రెండు చేతులా పట్టుకున్నారు. మెల్లగా తిప్పారు. నా పెదవి తగిలిన చోటు పూర్తిగా అవతలికి వెళ్లేదాకా తిప్పారు. అప్పుడు తాగారు.

సంఘమంతా మా వెనకే నిలబడి ఉంది. అందరూ చూశారు. మా తర్వాత మోకరించిన కుటుంబం కూడా పాత్ర తిప్పే తాగింది. ఆ తర్వాతి వాళ్లూ అంతే. నేను నా చోటికి వచ్చి కూర్చుని చివరి మనిషి దాకా చూస్తూనే ఉన్నాను. మీ ఉత్తరం, మీ చెయ్యి కాల్చుకోవడం, పాస్టరు గారి మాట, అన్నీ ఆ ఒక్క తిప్పుతో కొట్టుకుపోయాయి. సొంత మొగుడే అలా తాగాక పైవాళ్లని ఏమనాలి?

ఇంటికి వచ్చాక అన్నం వడ్డించాను. రొయ్యల వేపుడు చేశాను. ఆయన తన కంచంలోది అయిపోగానే నా కంచంలోంచి రెండు రొయ్యలు తీసుకుని తిన్నారు. నేను తాగుతున్న గ్లాసులో నీళ్లే తాగారు. పెళ్లయిన నాటి నుంచీ అంతే, ఎప్పుడూ ఎంగిలి అనుకోలేదు. అప్పుడు అడిగాను.

"ఇందాక పాత్ర ఎందుకు తిప్పారండీ?"

"నలుగురూ చూస్తున్నారు కదా జ్యోతీ" అన్నారు, వేళ్లు నాకుతూ.

ఆయనకి నేనంటే అసహ్యం ఉంటే నేను అర్థం చేసుకునేదాన్ని. అసహ్యం ఎలా ఉంటుందో నాకు తెలుసు, అది మన చేతుల్లో ఉండదు, కడుపులోంచి తన్నుకొస్తుంది. ఈయనకి లేదు. లేని అసహ్యాన్ని నలుగురి కోసం పైన తొడుక్కున్నారు, ఇస్త్రీ చొక్కాలాగ. నా జన్మలో ఇంతకన్నా రోత చూడలేదు. కంచం ముందు నుంచి లేచిపోయాను. అన్నం మధ్యలో వదిలేసి లేవడం నాకు తెలిసి అదే మొదలు.

మీరు రమ్మన్నారు. వస్తాను, ఇప్పుడు కాదు. ఇప్పుడు వస్తే నేను పారిపోయానంటారు, జబ్బు వల్లే పంపించేశారంటారు. ఫిబ్రవరి మొదటి ఆదివారం మళ్లీ సంస్కారం ఉంది. మామూలు ఆదివారాల్లో ముందు మగవాళ్లు, తర్వాత ఆడవాళ్లు. నేను ఆడవాళ్ల వరస వచ్చేదాకా ఆగను. ఆయన లేవగానే లేచి వెళ్లి ఆయన పక్కనే మోకాళ్లూనుతాను. ఎవరేమన్నా లేవను. ఆయన తాగాక పాత్ర నా చేతికి వస్తుంది. నేను తిప్పను. ఆయన ఎక్కడ తాగారో సరిగ్గా అక్కడే పెదవి పెట్టి తాగుతాను. నలుగురూ చూస్తారు కదా, వాళ్లు చూస్తుండగానే తాగుతాను.

మీ మరదలు,
ఆశాజ్యోతి